ఎడిన్‌బరాలో మూడు నిద్రలు

(ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల వారాంతపు కలయికలో మాట్లాడినదానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. పిల్లలు కాదమ్మా, పెద్దవాళ్ళు. (నవ్వులు)

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. అది ఎడిన్‌బర్గ్ కాదండి, ఎడిన్‌బరా. నేను ఉద్యోగంలో చేరడానికి వెళ్ళిన మొదటి రోజు టాక్సీ ఎక్కి ఎడిన్‌బర్గ్ అన్నాను. డ్రైవరు ఏమీ అనలేదు, అద్దంలోంచి ఒక్క చూపు చూశాడంతే. ఇంకో మాట, అక్కడి మనుషుల్ని ఇంగ్లీషువాళ్ళు అనకండి. వాళ్ళు స్కాట్స్, స్కాట్లాండ్‌వాళ్ళు. మనల్ని ఎవరైనా పట్టుకుని 'మీరు మద్రాసీలా' అంటే ఎలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది.

నేను అక్కడ ఆరేళ్ళున్నాను. ఆ ఆరేళ్ళలో మా ఇంటికి వచ్చిన చుట్టాలు, స్నేహితులు, స్నేహితుల చుట్టాలు, వాళ్ళ అత్తగార్లు, మామగార్లు, అందరికీ ఊరు చూపించింది నేనే. కోటకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అందుకే ఈ రోజు నన్ను పిలిచారు, టూరిస్టు గైడు కంటే చవగ్గా దొరుకుతానని.

మనవాళ్ళు ఎడిన్‌బరా వచ్చే పద్ధతి ఒకటుంది. పొద్దున్నే రైలు దిగుతారు, కోట ముందు ఫోటో, గ్రేఫ్రయర్స్ దగ్గర కుక్క బొమ్మతో ఫోటో, మధ్యాహ్నం ఎక్కడో బిర్యానీ, మర్నాడు తెల్లారేసరికి బస్సెక్కి లాఖ్ నెస్‌కి పోతారు, అక్కడ ఆ నీళ్ళలో ఉందని చెప్పే జంతువు కోసం. ఆ జంతువు ఎవరికీ కనిపించదు, ఈ ఊరేమో కళ్ళముందు ఉన్నా చూడరు. నేను చెప్పేది ఒక్కటే. గుళ్ళో మొక్కుకుని మూడు నిద్రలు చేస్తాం చూడండి, అలా ఎడిన్‌బరాలో మూడు నిద్రలు చేయండి. ఎందుకంటే ఆ ఊరు మ్యాపులో కనిపించే ఊరు కాదు. మ్యాపులో అది చాలా చిన్నది, ఒక పూటలో అయిపోతుందనిపిస్తుంది. అసలు ఊరు నిలువుగా ఉంది, పైకీ కిందకీ.

ఎందుకలా ఉందో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే దారి కూడా తేలిగ్గా తెలుస్తుంది. కోట ఉన్న రాయి ఒకప్పటి అగ్నిపర్వతం గొంతులో గట్టిపడిన లావా, దాదాపు 35 కోట్ల ఏళ్ళ నాటిది. తర్వాత మంచుయుగంలో పడమటి నుంచి మంచు పలక కదులుతూ వచ్చి అన్నిటినీ గీకేసింది. ఈ రాయి మాత్రం లొంగలేదు. వాగులో బండ అడ్డం ఉంటే దాని వెనకాల ఇసుక మేట వేసి ఉంటుంది కదా, అలా ఈ రాయి చాటున తూర్పువైపు మెత్తటి నేల అరిగిపోకుండా తోకలాగా మిగిలింది. ఆ తోక మీద ఉన్న వీధే రాయల్ మైల్. పైన కోట, కింద హాలీరూడ్ రాజభవనం. పాత స్కాటిష్ మైలు ఇంగ్లీషు మైలు కంటే పొడుగు, అందుకని ఈ వీధి సుమారు 1.8 కిలోమీటర్లు ఉంటుంది. ఇక్కడ మొదటి చిట్కా: పొద్దున ఎప్పుడూ కోట దగ్గర మొదలెట్టి కిందకి నడవండి. కింద నుంచి మొదలుపెట్టి పైకి ఈడ్చుకుంటూ వచ్చే కుటుంబాలని చూసి చూసి చెప్తున్నాను.

ఇప్పుడు, ఈ తోకకి ఉత్తరాన అప్పట్లో నార్ లాఖ్ అనే చెరువు, దక్షిణాన 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో ఇంగ్లండ్ చేతిలో దారుణంగా ఓడిపోయాక భయంతో కట్టుకున్న గోడ. మనుషులేమో పెరుగుతున్నారు, ఊరు పక్కకి జరగడానికి చోటు లేదు. ఇంకేం చేస్తారు, పైకి కట్టారు. లిఫ్టులూ కాంక్రీటూ లేని రోజుల్లో, రాతితో, ఎనిమిదీ పదీ అంతస్తులు కట్టారండి! ఒకే మెట్లదారి మీద నడిమి అంతస్తుల్లో డబ్బున్నవాళ్ళు, కింద మురికి పక్కనా పైన కప్పు కిందా పేదవాళ్ళు. మరుగుదొడ్లు లేవు. రాత్రి పదింటికి కిటికీ తెరిచి 'గార్డీలూ' అని ఒక కేక వేసి బకెట్టు బోర్లించేవాళ్ళు. కింద నడిచేవాళ్ళ అదృష్టం. ఆ ఇళ్ళ మధ్య సందుల్ని క్లోస్ అంటారు. 'మూసెయ్యి' అనే క్లోజ్ కాదు, 'దగ్గర' అనే అర్థం ఉన్న క్లోస్, చివర స.

మన ఫోన్ మ్యాపుకి అర్థం కానిది ఇదే. మీరు జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జి మీద నిలబడి ఉంటారు, వెళ్ళాల్సిన హోటలు కౌగేట్ వీధిలో ఉంటుంది, ఫోను మాత్రం మీరు వచ్చేశారంటుంది. నిజమే, వచ్చేశారు, కాకపోతే అది మీ కాళ్ళ కింద నాలుగంతస్తుల లోతులో ఉంది. (నవ్వులు) సౌత్ బ్రిడ్జి అయితే మరీ విచిత్రం, 1788లో పూర్తయిన ఆ వంతెనకి 19 కమానులుంటే బయటికి కనిపించేది ఒక్కటే, మిగతావన్నీ రెండువైపులా కట్టిన భవనాల వెనక దాక్కున్నాయి, మీరు మామూలు బజారనుకుని నడిచేస్తారు. కాబట్టి మ్యాపులో దూరం చూడకండి, మెట్లు ఎన్నో అడగండి.

మెట్లంటే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు నేనుండేది ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న ఇంట్లో, అందుకని పాత ఊళ్ళో, కోటకి దగ్గర్లో, ఒక ఫ్లాటు ఆన్‌లైన్లో నాలుగు రోజులకి తీసుకున్నాను. ఫోటోల్లో రాతి గోడలు, కిటికీలోంచి కోట, అబ్బో అనిపించింది. వెళ్ళి చూస్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు మామూలు మెట్లు కాదు, గుండ్రంగా తిరిగే రాతి మెట్లు, నాలుగైదు వందల ఏళ్ళుగా అడుగులు పడి మధ్యలో గిన్నెలా అరిగిపోయాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒకదాని నిండా ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి. ఇంటి ఓనరుకి ఫోన్ చేస్తే 'హిస్టారిక్ బిల్డింగ్ కదా' అన్నాడు. అమ్మ నాలుగు రోజుల్లో రెండు రోజులు కిందకి దిగలేదు. కిటికీలోంచే కోటని చూసింది. తప్పు నాదే, లిఫ్టు ఉందా అని అడగాల్సింది, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

అందుకని పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు పాత ఊళ్ళో ఉండాలన్న మోజు పెట్టుకోకండి. హేమార్కెట్ వైపో, లీత్ వైపో, ట్రామ్ స్టాపుకి దగ్గరగా, లిఫ్టు ఉన్న మామూలు హోటలు తీసుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి ట్రామ్ నేరుగా ఊళ్ళోకి వస్తుంది, ప్రిన్సెస్ స్ట్రీట్‌కి అరగంట, 2023 నుంచి లీత్ మీదుగా న్యూహేవెన్ దాకా పోతోంది. ట్రామ్ టికెట్టు ఎక్కేముందే ప్లాట్‌ఫామ్ మీద తీసుకోవాలి. ఇంకో లెక్క గుర్తుపెట్టుకోండి, 2026 జులై 24 నుంచి ఎడిన్‌బరాలో గది అద్దె మీద 5 శాతం సిటీ పన్ను ఉంది, వరుసగా ఉండే మొదటి 5 రాత్రుల దాకా. హోటలువాళ్ళు మోసం చేశారనుకుని రిసెప్షన్లో గొడవ పెట్టుకోవద్దు.

రైల్లో వెళ్ళేవాళ్ళు లండన్ కింగ్స్ క్రాస్ నుంచి నాలుగున్నర గంటలు లెక్కేసుకోండి. సీటు కుడివైపు తీసుకోండి, ఉత్తరానికి పోయేటప్పుడు. న్యూకాజిల్ దాటాక బెరిక్ చుట్టుపక్కల సముద్రం పట్టాల పక్కకే వచ్చేస్తుంది. విశాఖ వెళ్ళే రైల్లో కూడా అంత దగ్గరగా సముద్రాన్ని చూడం. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి యూకే విజిటర్ వీసా ఉంటే చాలు, స్కాట్లాండ్‌కి వేరే వీసా అక్కర్లేదు, సరిహద్దులో ఎవరూ ఆపరు. షెంగెన్ వీసాతో యూరప్ తిరుగుతున్న చుట్టాలు 'ఎలాగూ వచ్చాం కదా, మీ ఊరు కూడా చూసిపోతాం' అంటే మాత్రం ముందే చెప్పేయండి, అది ఇక్కడ పనికిరాదు.

రైలు దిగేది వేవర్లీ స్టేషన్లో. వాల్టర్ స్కాట్ నవలల పేరు పెట్టారు దానికి. రైల్వే స్టేషన్‌కి నవల పేరు పెట్టిన ఊరండీ అది! ఆ స్టేషను లోయలో ఉంటుంది, కాబట్టి ఎటు వెళ్ళాలన్నా పైకే. ప్రిన్సెస్ స్ట్రీట్ వైపు ఎస్కలేటర్లున్నాయి. రాయల్ మైల్ వైపు ఫ్లెష్‌మార్కెట్ క్లోస్ అని ఒక మెట్ల సందుంది, మ్యాపు మిమ్మల్ని అందులోకి తోస్తుంది, ఎందుకంటే అది దగ్గరిదారి. సామాను ఉంటే దాని జోలికి పోకండి. పక్కనే వంపు తిరిగి ఎక్కే వీధి ఉంది, రాయడం కాక్‌బర్న్ అని రాస్తారు, పలకడం కోబర్న్ స్ట్రీట్. స్టేషన్ నుంచి పైకి బళ్ళు ఎక్కడానికి వీలుగా ఏటవాలు తగ్గించి 1850లలో వేసిన దారి. మోకాళ్ళు ఉన్నవాళ్ళ దారి అది. అంటే, నొప్పులున్న మోకాళ్ళు.

ఎప్పుడు వెళ్ళాలి అని అందరూ అడుగుతారు. మే, జూన్, సెప్టెంబర్. జూన్‌లో రాత్రి పదింటికి పొద్దుగూకుతుంది, పిల్లలు నిద్రపోమంటే పోరు, అది వేరే కష్టం. డిసెంబర్‌లో మధ్యాహ్నం 3.40కే చీకటి, పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ వెలుగు రాదు. ఆ నెలలో వెళ్తే సంవత్సరం చివరి రోజు, వాళ్ళు హాగ్మనే అంటారు, ఆ సంబరం కోసం వెళ్ళండి, అంతేగానీ ఊరు చూడటానికి కాదు. ఆగస్టు పూర్తిగా వేరే లోకం. 1947లో యుద్ధం అయిపోయాక జనం మనసులు తేలికపడాలని అంతర్జాతీయ ఉత్సవం మొదలుపెడితే, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఎనిమిది నాటక బృందాలు వాటంతటవే వచ్చి ఊరి అంచుల్లో ఆడాయి, ఆ అంచే పెరిగి పెరిగి ఇప్పటి ఫ్రింజ్ అయింది. ఇప్పుడు అసలు ఉత్సవం కంటే ఆ పిలవనివాళ్ళ ఉత్సవమే పెద్దది! ఆగస్టులో వెళ్ళాలనుకుంటే గది ఆరు నెలల ముందే చూసుకోండి, రేట్లు ఎలా ఉంటాయో నేను చెప్పను, మీ బీపీ నాకెందుకు. కానీ డబ్బు పెట్టి టికెట్లు కొనకపోయినా రాయల్ మైల్ మీద ఊరికే తిరిగితే చాలు, నిప్పులు మింగేవాళ్ళు, తాడు మీద నడిచేవాళ్ళు, మన తిరునాళ్ళే. చివర్లో టోపీ చాపుతారు. అరగంట చూసి టోపీ రాగానే జారుకోకండి, బాగుండదు.

గొడుగు తీసుకెళ్ళొద్దు. అది వానకి కాదు, గాలికి పోతుంది. చెత్తబుట్టల్లో తలకిందులైన గొడుగులు ఎన్ని చూశానో. టోపీ ఉన్న రెయిన్ జాకెట్, లోపల పల్చటి స్వెటరు, ఇంతే, జులైలో కూడా. వసంతంలో, ఎండాకాలంలో సముద్రం మీంచి చల్లటి పొగమంచు వచ్చి ఊరిని కప్పేస్తుంది, దాన్ని 'హార్' అంటారు. ఒకసారి మా మామయ్యని ఎంతో గొప్పగా చెప్పి కాల్టన్ హిల్ ఎక్కించాను, పైకి వెళ్ళేసరికి హార్, పక్కనున్న మామయ్యే కనిపించలేదు. సగంలో ఆగిపోయిన గ్రీకు గుడి స్తంభాలు మాత్రం మసగ్గా కనిపించాయి. నెపోలియన్ యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ కోసం 1826లో ఏథెన్స్ పార్థినాన్ లాంటిది కడదామని మొదలెట్టి, 1829కి డబ్బులైపోయి, 12 స్తంభాల దగ్గర వదిలేశారు. దానికి ఊళ్ళోవాళ్ళు పెట్టుకున్న పేరు 'ఎడిన్‌బరా సిగ్గుచేటు'. మామయ్య అన్నాడు, 'మన దగ్గర అయితే దీన్ని ఫ్లైఓవర్ అంటారు' అని. (నవ్వులు)

సరే, కోట. టికెట్టు ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, గేటు దగ్గర కంటే తక్కువకి వస్తుంది, వేసవిలో గేటు దగ్గర అసలు దొరక్కపోవచ్చు కూడా. పొద్దున 9.30కి తెరవగానే వెళ్ళండి. అందరూ మొదట రాజ కిరీటం ఉన్న గదికి పరిగెడతారు, మీరు నేరుగా పైకి వెళ్ళి సెయింట్ మార్గరెట్ చాపెల్ చూడండి. ఊళ్ళో మిగిలిన కట్టడాలన్నిట్లోకీ పాతది, 12వ శతాబ్దంది, మన ఊళ్ళో రామాలయం గర్భగుడంత ఉంటుంది. కోటని ఎన్నోసార్లు పడగొట్టారు, మళ్ళీ కట్టారు, ఈ చిన్న గది మాత్రం మిగిలింది. పక్కనే మాన్స్ మెగ్ అనే ఫిరంగి, 1457లో వచ్చింది, ఆరు టన్నుల బరువు, దగ్గర దగ్గర 150 కిలోల రాతిగుండ్లు వేసేది. తర్వాత స్కాట్లాండ్ రాణి మేరీ 1566లో కొడుకుని కన్న గది చూడండి, మన స్టోరు రూమంత ఉంటుంది. ఆ గదిలో పుట్టిన పిల్లాడే 1603లో ఇంగ్లండ్‌కి కూడా రాజయ్యాడు. పాత గైడు పుస్తకాల్లో 'పట్టాభిషేకం రాయి కోటలో ఉంది' అని రాసుంటుంది. ఇప్పుడు లేదు, 2024లో పెర్త్ మ్యూజియానికి తీసుకెళ్ళారు. దానికోసమే వెళ్ళేవాళ్ళు పెర్త్ వెళ్ళాలి.

కోట ముందు పరేడ్ మైదానంలో ఫోటోలు తీసుకుంటాం కదా, అక్కడ అంచున స్కాటిష్ రెజిమెంట్ల స్మారకాలున్నాయి. ఒకటి 1857–58లో ఇండియాలో చనిపోయిన 78వ హైలాండర్స్ సైనికులది. మనం సిపాయిల తిరుగుబాటని చదువుకున్నదాన్ని అవతలి వైపు నుంచి రాస్తే ఎలా ఉంటుందో అక్కడ నిలబడి చదవండి. స్కాట్లాండ్‌తో మన బంధం చిన్నదేం కాదు. రాయలసీమలో రైత్వారీ పద్ధతి తెచ్చి, ఆఖరికి 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టాడు. మన ఊళ్ళ కైఫియత్తులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీది లూయిస్ దీవి. ఆ కైఫియత్తుల పని నడిపించింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మనవాళ్ళే అనుకోండి. పన్నులు వసూలు చేసినవాళ్ళూ ఆ స్కాట్సే, మన చరిత్రని భద్రపరిచినవాళ్ళూ ఆ స్కాట్సే, ఏమనాలో నాకు తెలీదు.

కోటలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారు. లీత్ రేవులోని ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికి పెట్టింది. అంతకుముందు కాల్టన్ హిల్ మీద ఒక బంతిని ఒంటిగంటకి కిందకి జార్చేవాళ్ళు, పొగమంచులో అది కనిపించక 1861లో ఫిరంగి మొదలుపెట్టారు. చప్పుడు ఏ పేటకి ఎన్ని సెకన్లకి చేరుతుందో లెక్కగట్టి మ్యాపు కూడా అచ్చువేశారు. మరి పన్నెండింటికి ఎందుకు కాదు? పన్నెండింటికైతే పన్నెండు గుండ్లు పేల్చాలి, ఒంటిగంటకైతే ఒకటే చాలు, ఇది స్కాట్స్ తమ పిసినారితనం మీద తామే వేసుకునే జోకు. 12.45కల్లా ఫిరంగి దగ్గర చోటు పట్టుకోండి.

కోట నుంచి కిందకి నడిచేటప్పుడు నేనిచ్చే సలహా, పెద్ద వీధిలో నడవకండి. పెద్ద వీధిలో ఉన్నవన్నీ ఉన్ని మఫ్లర్ల కొట్లే. సందు కనిపిస్తే దూరండి. లేడీ స్టెయిర్స్ క్లోస్‌లో రచయితల మ్యూజియం ఉంది, ఉచితం, బర్న్స్, స్కాట్, స్టీవెన్సన్ ముగ్గురివీ. అడ్వొకేట్స్ క్లోస్ పై చివర నిలబడితే సందులోంచి స్కాట్ స్మారక గోపురం ఫోటోకి ఫ్రేము కట్టినట్టు కనిపిస్తుంది. సెయింట్ జైల్స్ చర్చి పక్కన నేల మీద గుండె ఆకారంలో రాళ్ళు పరిచి ఉంటాయి, దానిమీద ఊళ్ళోవాళ్ళు ఉమ్మేస్తారు. పాత జైలు ఉన్న చోటది. అది అక్కడివాళ్ళ ఆచారం, మనం ఉత్సాహపడక్కర్లేదు, కనీసం దానిమీద కూర్చుని ఫోటో దిగకుండా ఉంటే చాలు.

ఇంకా కిందకి పోతే కానన్‌గేట్ చర్చి. అక్కడికి టూరిస్టులు తగ్గిపోతారు. చర్చి బయట ఒక కుర్రాడి విగ్రహం ఉంటుంది, పుస్తకం పట్టుకుని వడివడిగా నడిచి వెళ్ళిపోతున్నట్టు. పేరు రాబర్ట్ ఫెర్గుసన్, కవి. ఊరి భాషలో, ఊరి తాగుబోతుల గురించీ బజార్ల గురించీ రాశాడు. 1774లో 24 ఏళ్ళకే పిచ్చాసుపత్రిలో పోయాడు. సమాధి మీద రాయి కూడా లేదు. తర్వాత ఇంకో కవి రాబర్ట్ బర్న్స్ ఎడిన్‌బరా వచ్చాడు, అప్పటికి బర్న్స్ పేరు మారుమోగుతోంది, వచ్చినవాడు ఈ కుర్రాడి సమాధి వెతుక్కుంటూ వెళ్ళి, రాయి లేదని చూసి, తన డబ్బుతో వేయించాడు. బర్న్స్ దగ్గర డబ్బు ఎప్పుడూ ఉండేది కాదు. అదే శ్మశానంలో ఆడమ్ స్మిత్ సమాధి కూడా ఉంది, ఎకనామిక్స్ చదివిన పిల్లలు దాని దగ్గర సెల్ఫీ దిగుతారు. నేను ఎవర్ని తీసుకెళ్ళినా ముందు ఫెర్గుసన్ దగ్గరికే తీసుకెళ్తాను.

శ్మశానాలంటే గ్రేఫ్రయర్స్ అందరికీ తెలుసు, యజమాని సమాధి దగ్గర 14 ఏళ్ళు కాపలా ఉందని చెప్పే బాబీ అనే కుక్క, 1872లో పోయింది. దాని విగ్రహం ముక్కు రుద్దితే అదృష్టమని ఎవరో పుట్టించారు, పాతకాలపు ఆచారమేం కాదు. రుద్ది రుద్ది ముక్కు అరిగిపోతోంది, ఊళ్ళోవాళ్ళకి ఒళ్ళుమంట. రుద్దకండి. అక్కడే కొన్ని సమాధుల మీద ఇనప బోనులుంటాయి, అవి చూడండి. అప్పట్లో వైద్య విద్యార్థులకి కోయడానికి శవాలు కావాలి, దొరకవు, దొంగలు తవ్వి అమ్మేవాళ్ళు, అందుకు బోనులు. 1828లో బర్క్, హేర్ అని ఇద్దరు తవ్వే శ్రమ కూడా ఎందుకని 16 మందిని చంపి అమ్మారు. రాత్రి పిల్లలకి ఈ కథ చెప్పొద్దు.

కుక్క బొమ్మకి ఎదురుగానే నేషనల్ మ్యూజియం. ఉచితం. వాన పడితే అందరూ కాఫీ షాపులో కూర్చుంటారు, మీరు ఇక్కడికి రండి. 1996లో ఊరి పక్కన రాజ్లిన్‌లో క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రె ఇక్కడే ఉంది, గాజు పెట్టెలో. ఎక్కువమందికి తెలియంది ఏంటంటే ఏడో అంతస్తులో టెర్రేసు ఉంది, లిఫ్టులో వెళ్ళొచ్చు, అదీ ఉచితమే, కోట, కొండ, ఊరంతా కనిపిస్తుంది. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు ఒక్క మెట్టు ఎక్కకుండా ఊరంతా చూసింది ఇక్కడి నుంచే. 'ఇది ముందే చూపించొచ్చు కదరా' అంది. నిజమే.

కొండ అంటే ఆర్థర్స్ సీట్, 251 మీటర్లు. చూడటానికి చిన్నదే కదా అని చెప్పులతో ఎక్కేస్తారు మనవాళ్ళు, చీర కట్టుకుని ఎక్కినవాళ్ళనీ చూశాను, వాళ్ళకి దండం పెట్టాలి. వాన పడ్డాక చివర రాళ్ళు నున్నగా జారతాయి. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. డన్సపీ చెరువు వైపు నుంచి ఎక్కితే గడ్డి మీద దారి, కొంచెం తేలిక. ఎక్కలేనివాళ్ళు ఆ చెరువు దగ్గరే కూర్చుని హంసల్ని చూసుకోవచ్చు. పక్కనే సాల్జ్‌బరీ క్రాగ్స్ అనే రాతి గోడ ఉంటుంది, ఆ రాళ్ళని చూసే భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ 18వ శతాబ్దంలో భూమి వయసు బైబిలు లెక్కల్లో ఇమిడేది కాదని అర్థం చేసుకున్నాడు. దాని కింద నుంచి పోయే దారి రాళ్ళు పడుతున్నాయని 2018లో మూసేశారు, కంచె దాటి వెళ్ళే హీరోలుంటారు, మీరు వెళ్ళకండి.

కొత్త ఊరు, అంటే న్యూ టౌన్, పేరుకే కొత్త, 1767 ప్లాను. పాత ఊరి కంపు భరించలేక డబ్బున్నవాళ్ళు చెరువు ఎండబెట్టి అవతల కట్టుకున్నారు. పునాదులు తవ్విన మట్టినంతా తెచ్చి లోయలో పోస్తే అదే ఇప్పటి మౌండ్ అనే దారి అయింది. ప్లాను గీసిన జేమ్స్ క్రెయిగ్‌కి అప్పుడు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వీధులు తిన్నగా, అందంగా ఉంటాయి, ఒక సాయంత్రం చాలు. అక్కడి నుంచి కిందకి దిగితే డీన్ విలేజ్, సర్కస్ లేన్, ఇన్‌స్టాలో చూసే ఉంటారు. అవి మనుషులు ఉండే ఇళ్ళు. గుమ్మం మీద కూర్చుని రీల్స్ తీస్తుంటే లోపలి నుంచి ముసలావిడ పాల సీసా కోసం తలుపు తీయలేక నిలబడటం నేను చూశాను.

తిండి సంగతి చెప్పకపోతే నన్ను కిందకి దిగనివ్వరు. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, మిరియాలు వేసి వండుతారు. బోటీ కూర ఇష్టంగా తినే ఇంట్లోవాళ్ళకి అది అద్భుతంగా ఉంటుంది, ఆవకాయ నంజుకుంటే ఇంకా. శాకాహార హాగిస్ కూడా దొరుకుతుంది, పప్పులు, బీన్స్, గింజలతో చేస్తారు, చాలా హోటళ్ళలో ఉంటుంది, మా అత్తగారికి కూడా నచ్చింది, ఆవిడకి ఏదైనా నచ్చడం మా ఇంట్లో చరిత్ర. శాకాహారులు జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. లెంటిల్ సూప్ అనగానే మన పప్పుచారే అని తాగేస్తారు, అక్కడ సంప్రదాయంగా పంది ఎముక వేసి మరిగిస్తారు, అడగాలి. చిప్స్ కూడా కొన్ని కొట్లలో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అదీ అడగాలి. చిప్స్ కొట్లో 'సాల్ట్ అండ్ సాస్?' అంటే అవునని చెప్పండి, వెనిగర్ కలిపిన ఆ పుల్లటి బ్రౌన్ సాస్ ఎడిన్‌బరా ప్రత్యేకం, గ్లాస్గోవాళ్ళు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు. బయట తింటే సీగల్ పక్షుల్ని కనిపెట్టి ఉండండి, మా అబ్బాయి చేతిలో పొట్లం మొత్తం ఎగరేసుకుపోయింది ఒకటి.

బస్సు డ్రైవరు చిల్లర ఇవ్వడు, కార్డు ట్యాప్ చేస్తే సరి. ఒక్కో మనిషికీ ఒక్కో కార్డు ఉండాలి. స్టాపులో చెయ్యి ఊపకపోతే బస్సు ఆగదు, దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్స్ చెప్పడం అక్కడి మర్యాద. స్కాటిష్ బ్యాంకులు మూడు సొంతంగా నోట్లు అచ్చువేస్తాయి, మంచివే, కానీ ఖర్చుపెట్టేసి రండి. నేను ఇక్కడ ఒక కొట్లో స్కాటిష్ ఇరవై పౌండ్ల నోటిస్తే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుగులో పెట్టి, మేనేజర్ని పిలిచి... నేను కార్డు తీశాను.

మూడో రోజు ఊళ్ళో ఉండకండి. రైలెక్కి పావుగంట ఇరవై నిమిషాల్లో డాల్మెనీ, అక్కడి నుంచి కిందకి నడిస్తే సౌత్ క్వీన్స్‌ఫెర్రీ. 1890లో తెరిచిన ఎర్రటి ఫోర్త్ రైలు వంతెన, రెండున్నర కిలోమీటర్లు, ఇప్పటికీ రోజూ రైళ్ళు పోతున్నాయి. పక్కనే 1964 వంతెన, దాని పక్కన 2017 వంతెన, మూడు శతాబ్దాల మూడు వంతెనలు వరసగా. చూసి వచ్చేయకండి, అదే రైలెక్కి వంతెన దాటి నార్త్ క్వీన్స్‌ఫెర్రీలో దిగి మళ్ళీ వెనక్కి రండి. గోదావరి మీద రైలు పోయేటప్పుడు నాణెం వేస్తాం కదా, మా నాన్న అక్కడ కూడా జేబులు తడుముకున్నాడు. కిటికీ తెరుచుకోలేదు.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: స్ట్రోలర్‌తో వెళ్ళొచ్చా అండీ?)

రాయల్ మైల్ మీద వెళ్ళొచ్చు, కానీ రాళ్ళు పరిచిన వీధి, బిడ్డ కుదుపులకి ఏడుస్తాడు. సందుల్లోకి అసలు కుదరదు. మోసుకునే క్యారియర్ ఉంటే అదే తీసుకెళ్ళండి.

(ఒక పెద్దాయన: ఆ ఫిరంగి చూడాలని ఉంది బాబూ. ఏ రోజు వెళ్తే మంచిది?)

ఆదివారం తప్ప ఏ రోజైనా వెళ్ళండి మాస్టారూ. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ రోజుల్లో కూడా ఉండదు. మా నాన్నని నేను తీసుకెళ్ళింది ఆదివారమే. పన్నెండున్నరకల్లా ముందు వరసలో నిలబెట్టాను. ఒకటైంది. ఒకటీ ఐదైంది. 'లేటుగా పేలుస్తారేమో' అన్నాడు పాపం. ఒకటీ పదికి ఒక గార్డు వచ్చి చెప్పాడు.